చర్ల నుంచి చర్లపల్లి దాకా

2022 జూలైలో దంతెవాడలోని ప్రత్యేక కోర్టు ఒకే తీర్పుతో 121 మంది ఆదివాసులను నిర్దోషులని వదిలిపెట్టింది. అంతకు ఐదేళ్ల కిందట, 2017 ఏప్రిల్ 24న, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. వాళ్లు ఆ దాడిలో ఉన్నారని చెప్పే సాక్ష్యం లేదని తేలడానికి ఐదేళ్లు పట్టింది. ఒకతను తీర్పు వినకుండానే జైల్లో ప్రాణం వదిలాడు. వీళ్లెవరికీ శిక్ష పడలేదు. అయినా ఎక్కువమంది ఐదేళ్ల పాటు చిప్పకూడు తిన్నారు.

బుర్కాపాల్ మనకు తెలియని దేశమేమీ కాదు. భద్రాచలం నుంచి చింతూరు, కోంటా దాటి వెళ్తే ఆ అడవి వస్తుంది. అటువైపు జనం రోగమొస్తే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వస్తారు. మిరప కోతల కాలంలో కుటుంబాలతో సహా ఖమ్మం చేలలోకి దిగుతారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం సాగిన రోజుల్లో ఇల్లూవాకిలీ వదిలి వచ్చి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు వాళ్ల బంధువులే. అక్కడి జైలు కథ ఇక్కడి జైలు కథతో ముడిపడే ఉంది.

జైళ్లు చెడిపోయాయి అన్న మాట వినగానే కిక్కిరిసిన బ్యారక్‌లు కళ్లముందుకొస్తాయి. అది నిజమే గానీ సగమే నిజం. మిగతా సగం ఏమిటో ఈ తెలంగాణ-ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో నిలబడి చూస్తే బాగా కనిపిస్తుంది.

కిక్కిరిసినచోటా, ఖాళీ ఉన్నచోటా

ముందు దేశం లెక్క. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉన్న చోటు 4,36,266 మందికే. అంటే వంద మంది పట్టే చోట 131 మంది. లోపలున్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. మన వాడుకలో రిమాండ్ ఖైదీలు. వాళ్లు తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు.

సరిహద్దుకు అవతల పరిస్థితి ఎంతో కాలంగా ఇంతకంటే ఘోరం. 2014 లెక్కల్లో ఛత్తీస్‌గఢ్ జైళ్లలో వంద మంది చోటులో దాదాపు 259 మంది ఉన్నారు. 2007 డిసెంబర్ 16న దంతెవాడ జైలు నుంచి ఒకేసారి 299 మంది తప్పించుకుపోయారు. దేశంలో జరిగిన అతిపెద్ద జైలు పరారీల్లో అదొకటి. ఆదివాసుల మీది కేసులను సమీక్షించడానికి 2019లో అక్కడి ప్రభుత్వం జస్టిస్ ఎ.కె. పట్నాయక్ నాయకత్వంలో కమిటీ వేయాల్సి వచ్చింది.

ఇటు తెలంగాణలో అంత ఒత్తిడి లేదు. మొత్తంమీద చూస్తే సామర్థ్యం కంటే తక్కువ మందే ఉంటున్నారు. ఖైదీలు చాలక కొన్ని సబ్‌జైళ్లకు తాళాలు కూడా వేశారు. సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, అయిదు వందలు కడితే ఒక రోజు జైలు జీవితం చూపిస్తామన్నారు. కాబట్టి ఇక్కడ జైలు సమస్య లేదనుకోవడం తేలిక. కానీ చర్ల మండలం అడవి ఊరివాడు అరెస్టయితే, కిందపడుకోవడానికి జాగా దొరికినంత మాత్రాన అతని కష్టం తీరదు. జైలు నుంచి కోర్టుకు, కోర్టు నుంచి ఊరికి ఉన్న దారి పొడవునా అతను ఇరుక్కుపోతాడు.

రిమాండ్ ఖైదీ రోజు

తెల్లవారగానే బ్యారక్ తాళం తీస్తారు. తలలు లెక్కపెడతారు. టీ, టిఫిను, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, కూర. వారానికోసారి మాంసం. చీకటి పడకముందే రాత్రి భోజనం పెట్టేస్తారు. మళ్లీ లెక్క, మళ్లీ తాళం. అక్కణ్నుంచి మర్నాటి పొద్దు దాకా నాలుగు గోడలు. వేళకు పడుకునేవాళ్లకు అది రాత్రే. కేసు సంగతి ఏమైందో తెలియనివాళ్లకు మాత్రం రాత్రీ పగలూ ఒకటే.

శిక్ష పడిన ఖైదీకి పని ఉంటుంది. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతుంది, ఖైదీలు తయారుచేసిన సరుకులు ‘మై నేషన్’ పేరుతో అమ్ముతుంది. ఆ పనికి కూలి జమవుతుంది. నిశానీ వేసేవాళ్లకు సంతకం నేర్పే చదువు కూడా జైళ్లలో నడిచింది. రిమాండ్ ఖైదీతో మాత్రం బలవంతంగా పని చేయించకూడదు. నేరం రుజువు కాని మనిషితో చాకిరీ చేయించరాదన్నది మంచి సూత్రమే. కానీ పేదవాడి దగ్గరికొచ్చేసరికి అది తిరగబడుతుంది. పని లేదు కాబట్టి కూలి లేదు. కూలి లేదు కాబట్టి క్యాంటీన్‌లో సబ్బు కొనాలన్నా ఇంటినుంచి డబ్బు రావాలి. ఇంట్లో సంపాదించేవాడు అతనే అయితే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

పల్లెలో రోజులు పంటతో నడుస్తాయి. ఇప్పపువ్వు రాలే నెల, తునికాకు కోసే నెల, పోడులో విత్తనం వేసే నెల. జైల్లో రోజులు వాయిదాతో నడుస్తాయి. మేజిస్ట్రేటు ఒకసారికి పదిహేను రోజులకు మించి రిమాండ్ ఇవ్వకూడదు. అందుకే మామూలుగా పద్నాలుగు రోజులకోసారి పొడిగిస్తారు. ఇప్పుడది చాలావరకు వీడియోలోనే జరిగిపోతోంది. ఖైదీ కెమెరా ముందు కూర్చుంటాడు, పేరు పిలుస్తారు, తేదీ రాస్తారు, లేచి రమ్మంటారు. జడ్జితో ఒక్క మాట మాట్లాడకుండానే మరో పద్నాలుగు రోజులు గడిచిపోతాయి. ఏప్రిల్‌లో లోపలికెళ్లినవాడు మే నెల దాటి బయటికొస్తే, ఆ ఇంటికి తునికాకు డబ్బు ఆ ఏటికి పోయినట్టే.

ఆడవాళ్ల సంగతి ఇంకా బరువు. 2021 ఆగస్టులో ఖమ్మం జిల్లా కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్‌లో పోడు భూముల గొడవలో మహిళల్ని అరెస్టు చేసినప్పుడు వాళ్లలో పసిబిడ్డల తల్లులున్నారు. తల్లులతో పాటు పిల్లలూ జైలు గడప తొక్కారు. ఆరేళ్లలోపు పిల్లల్ని తల్లి దగ్గర ఉంచుకోవచ్చని, వాళ్లకు తిండి, వైద్యం, ఆటపాటలు చూడాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఆ సౌకర్యాలన్నీ ఉన్నా సరే, పోడు తగాదాలో చంటిబిడ్డ తల్లిని లోపల ఉంచాల్సినంత అవసరం ఏముందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దూరమే శిక్ష

భద్రాచలంలో సబ్‌జైలు ఉంది. ఖమ్మంలో జిల్లా జైలు ఉంది. పెద్ద శిక్ష పడితే ఒకప్పుడు వరంగల్ సెంట్రల్ జైలుకు పంపేవారు. నిజాం కాలం నాటి ఆ జైలును 2021లో పెద్ద ఆసుపత్రి కట్టడానికి ఖాళీ చేయించి కూల్చేశారు. ఆ ఏడాది జూన్‌లో ఖైదీలను ఇతర జైళ్లకు తరలించారు. ఆసుపత్రి అవసరమే. కానీ కొత్త జైలు కట్టాక పాతది కూల్చాలన్న ఆలోచన రాలేదు. గోదావరి ఒడ్డున ఉన్న కుటుంబాలకు ఉన్న ఒక్క దగ్గరి సెంట్రల్ జైలూ అలా పోయింది. ఇప్పుడు వాళ్లవాణ్ని చూడాలంటే హైదరాబాద్ చర్లపల్లికో, చంచల్‌గూడకో పోవాలి. శిక్షపడిన ఆడవాళ్ల జైలు కూడా చంచల్‌గూడలోనే.

భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాటే. చర్ల లోపలి ఊరినుంచి బయల్దేరితే, రోడ్డెక్కే దాకా నడక అదనం. ములాఖత్ కోసం పోయి రావడమంటే రెండు మూడు రోజుల కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, రాత్రి పడుకోవడానికి ఒక చోటు. చేతిలో ఆధార్ ఉండాలి. అంతా సమకూర్చుకుని వెళ్తే మాట్లాడేది కొద్ది నిమిషాలు. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న భక్త రామదాసును కూడా బంధించింది గోల్కొండలోనే అని మనకు తెలుసు. భద్రాద్రి మనిషికి హైదరాబాద్ జైలు అన్న ఏర్పాటు ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మారలేదు.

దూరానికి తోడు రాష్ట్రాల సరిహద్దు గీతలు. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం పట్నం చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రామాలయం నుంచి కాస్త దూరం నడిస్తే ఎటపాక, అంటే వేరే రాష్ట్రం. సంతలు, పెళ్లిళ్లు, ఆసుపత్రి ఇటువైపే. కేసు మాత్రం ఏ స్టేషన్‌లో నమోదైతే ఆ రాష్ట్రం జైలుకు తీసుకుపోతుంది. ఇటైతే ఖమ్మం, అటైతే రాజమండ్రి, ఇంకొంచెం అవతలైతే సుక్మా, జగదల్‌పూర్. ఒకే మనిషి మీద రెండు రాష్ట్రాల్లో కేసులుంటే పీటీ వారంట్ మీద, అంటే ఒక జైల్లో ఉన్నవాణ్ని వేరే కోర్టుకు రప్పించే ఉత్తర్వు మీద, జైళ్ల మధ్య తిప్పుతారు. ఒక కోర్టులో బెయిలు దొరికి గేటు దాటబోతుంటే, ఇంకో కేసులో మళ్లీ అరెస్టు చూపిస్తారు.

కోర్టుకు తీసుకురావాలంటే సాయుధ పోలీసుల ఎస్కార్ట్ కావాలి. సరిహద్దు జిల్లాల్లో ఆ బలగానికి ఎప్పుడూ వేరే పని ఉంటుంది. ఎన్నికలు, శ్రీరామనవమి బందోబస్తు, మంత్రుల పర్యటనలు, కూంబింగ్. ఎస్కార్ట్ లేకపోతే ఖైదీ రాడు. ఖైదీ రాకపోతే వాయిదా. సాక్షిగా రావాల్సిన పోలీసు అధికారి బదిలీ అయితే మరో వాయిదా.

ఇదంతా ఎవరూ ఏమీ చేయలేని విషయమా? కాదనడానికి మన జిల్లాలోనే రుజువుంది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలంలో ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. ఆ కేసులో ఇద్దరు గొత్తికోయలకు కొత్తగూడెం కోర్టు 2023 ఆగస్టులో యావజ్జీవ శిక్ష వేసింది. తొమ్మిది నెలలు నిండకముందే దర్యాప్తు, సాక్షులు, వాదనలు, తీర్పు అన్నీ పూర్తయ్యాయి. విధుల్లో ఉన్న అధికారి హత్య కేసు అంత త్వరగా తేలడం మంచిదే. ప్రభుత్వం పట్టుబడితే అడవి ప్రాంతంలో కూడా విచారణ నడుస్తుందని అది చూపించింది. బుర్కాపాల్ వాళ్లకు పట్టిన ఐదేళ్లకు అడవినీ దూరాన్నీ తప్పుపట్టి ఊరుకోలేం.

అర్థంకాని భాషలో కేసు

ఎఫ్ఐఆర్ తెలుగులో ఉంటుంది. తీర్పు ఇంగ్లిషులో వస్తుంది. ముద్దాయి మాట్లాడేది కోయ. గొత్తికోయ యువకుడికి తెలుగు సంతలో బేరమాడేంత వస్తే గొప్ప. సాక్ష్యం ముద్దాయికి అర్థమయ్యే భాషలో వివరించాలని చట్టం చెబుతోంది. చెప్పేవాళ్లు కావాలి కదా! చాలాసార్లు కోర్టు ఆవరణలో దొరికిన ఎవరో ఒకరు దుబాసీ అవుతారు. ఆ మనిషి కానిస్టేబులే అయితే, ముద్దాయి పోలీసుల మీద చెప్పాలనుకున్న మాట జడ్జి దాకా చేరుతుందా?

లోపల కూడా ఇదే తిప్పలు. కడుపులో నొప్పి ఎక్కడో, ఎన్నాళ్ల నుంచో కాంపౌండర్‌కు చెప్పడానికి మాటలుండవు. మలేరియా కాలంలో ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషికి ఇది ప్రాణం మీదికి రాగల విషయం. తన లాయరెవరో, తన మీదున్న సెక్షన్ ఏమిటో తెలియకుండా నెలలు గడిపేవాళ్లు ఉంటారు. వాళ్లను ఏ కేసులో వచ్చావని అడిగితే, పట్టుకొచ్చిన ఊరి పేరు చెబుతారు.

షూరిటీ దగ్గర ఆగిన బెయిలు

బెయిలు వచ్చిందంటే విడుదలైనట్టే అనుకుంటాం. పేదవాడి కథలో అసలు అడ్డంకి అక్కడే మొదలవుతుంది. కోర్టు మామూలుగా ఇద్దరు షూరిటీలను, అంటే పూచీదారులను అడుగుతుంది. వాళ్లకు ఆస్తి ఉండాలి. ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో చూపాలి. స్థానికులై ఉండాలి.

ఏజెన్సీలో ఈ షరతులు ఎలా ఉంటాయో చూడండి. పోడుకు పట్టా ఉండదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినా ఆ భూమి అమ్మడానికి వీల్లేదు, వారసులకు మాత్రమే చెందుతుంది. ఆదివాసుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా పెట్టిన రక్షణ అది. ఆ రక్షణే షూరిటీ వేళ అడ్డుగా నిలుస్తుంది. అమ్మడానికి వీల్లేని భూమికి విలువ కట్టి హామీగా చూపడం కష్టం. ఇక ఛత్తీస్‌గఢ్ నుంచి మిరప కోతకు వచ్చి కేసులో ఇరుక్కున్నవాడికి ఖమ్మంలో ఆస్తిపరుడైన బంధువు ఎక్కణ్నుంచి వస్తాడు? డబ్బు తీసుకుని షూరిటీ సంతకం పెట్టేవాళ్లు ప్రతి కోర్టు దగ్గరా ఉంటారు. ఆ డబ్బు కోసం ఇంట్లో ఎడ్లు అమ్ముకోవాలి.

ఈ అన్యాయాన్ని సుప్రీంకోర్టు 1978లోనే గుర్తించింది. మోతీరామ్ అనే తాపీ పనివాడికి పదివేల పూచీ అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును కొట్టేశారు. దక్షిణాది మనిషి ఎవరైనా బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న షూరిటీని ఎలా తేగలడని ఆ తీర్పులో ప్రశ్నించారు. ఆ ప్రశ్నను అటునుంచి ఇటు తిప్పితే బస్తర్ మనిషి భద్రాచలంలో పడే పాటు అదే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరోసారి ఇదే చెప్పింది. విడుదల ఆలస్యం కావడానికి స్థానిక షూరిటీ పట్టుదల ఒక కారణమనీ, అలాంటి సందర్భాల్లో ఆ షరతు పెట్టకుంటే మంచిదనీ సూచించింది.

సాయం చేరని కేసులు

2022 రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చిన్న కేసుల్లో ఏళ్లతరబడి జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి జడ్జిల ముందే బాధపడ్డారు. మరుసటి ఏడాది కేంద్రం పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది. పథకం తెచ్చినప్పటి నిబంధనల ప్రకారం పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేక శిక్ష ముగిసినా లోపలే ఉన్నవాడికి 25,000 దాకా ప్రభుత్వమే కట్టాలి. కలెక్టర్, ఎస్పీ, జైలు సూపరింటెండెంట్, న్యాయసేవల సంస్థ కార్యదర్శి ఉన్న జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది.

మంచి పథకమే. కానీ మాదకద్రవ్యాల చట్టం, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం), మనీలాండరింగ్, అవినీతి కేసుల వాళ్లకు ఇది వర్తించదు. సరిగ్గా ఇక్కడే మన సరిహద్దు పేద జారిపోతాడు. సీలేరు, మల్కన్‌గిరి వైపు నుంచి గంజాయి భద్రాచలం మీదుగానే హైదరాబాద్‌కూ మహారాష్ట్రకూ పోతుంది. పట్టుబడేది ఎక్కువగా బండి తోలినవాడూ మూట మోసినవాడూ. ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. అప్పుడు శిక్ష పదేళ్లకు తక్కువ ఉండదు. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు. ఉపా కేసుల్లోనూ గడువు అంతదాకా పొడిగించవచ్చు. ఈ అడవి అంచున పేదల్ని ఎక్కువకాలం లోపల ఉంచేవి ఈ రెండు రకాల కేసులే. సాయం అందనివీ ఇవే.

గంజాయి మోసినవాణ్ని వదిలేయమని ఎవరూ అనడం లేదు. సరుకు యజమానిని పట్టుకోని కేసులో మూట మోసినవాడు విచారణ మొదలుకాకుండానే రెండు మూడేళ్లు గడిపితే, శిక్ష వేసింది కోర్టు కాదు, ఆలస్యం.

చట్టం చేతికిచ్చినవి

కొన్ని దారులు ఉన్నాయి. వాటి సంగతి లోపలున్నవాడికి, ఊళ్లో ఎదురుచూసేవాళ్లకు తెలియాలి.

మొదటిది, ఛార్జిషీటు గడువు. మామూలు కేసుల్లో 60 రోజులు, పెద్ద నేరాల్లో 90 రోజులు. ఆ లోపు ఛార్జిషీటు పడకపోతే బెయిలు ముద్దాయి హక్కు. అయితే అడగాలి. ఛార్జిషీటు పడేలోపే అడగాలి.

రెండోది, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లోనే గడిపేస్తే వదిలేయాలి. మిగతావాళ్లకు సగం. ఉరిశిక్షకో, యావజ్జీవానికో వీలున్న నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా చిక్కే. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా తెలపాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. 2024 జూలై 1కి ముందు పెట్టిన కేసులకూ ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో తేల్చింది.

మూడోది, ఉచిత లాయరు. ఆదివాసులకు, దళితులకు, ఆడవాళ్లకు, జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసహాయం హక్కు.

నాలుగోది, బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి ఆ సంగతి జిల్లా న్యాయసేవల సంస్థకు తెలపాలి. నెల దాటినా పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడవచ్చు.

చట్టాలు కాగితం మీద ఇంత చక్కగా ఉన్నప్పుడు ముఖ్యంగా కావలసింది ఎత్తైన గోడలు కావు. భద్రాచలం, కొత్తగూడెం కోర్టుల్లో జీతం ఇచ్చి కోయ దుబాసీలను పెట్టాలి. వేరే జిల్లా, వేరే రాష్ట్రం షూరిటీని ఒప్పుకోవాలి. ఆస్తి లేనివాణ్ని సొంత పూచీకత్తు మీద వదలాలి. ఎస్కార్ట్ లేదన్న కారణంతో వాయిదా పడిన ప్రతి కేసునూ జిల్లా జడ్జి నెలనెలా సమీక్షించాలి. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల కుటుంబాలకు దగ్గర్లో సెంట్రల్ జైలు ఉండాలి. గంజాయి కేసుల్లో కూలికి మూట మోసిన పేదవాణ్ని సాయం పథకం నుంచి తోసేయకూడదు. వీటిలో దేనికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క జైలుకు తప్ప.

మీ ఊరివాడు, మీ పొలంలో మిరప కోసినవాడు, మీ పక్క గూడెం మనిషి ఎవరైనా లోపలుంటే, అరెస్టయిన తేదీ, పోలీసు స్టేషన్ పేరు, కేసు నంబరు ఒక కాగితం మీద రాసి ఉంచండి. 15100కు ఫోన్ చేయండి. అది న్యాయసేవల సంస్థ టోల్‌ఫ్రీ నంబరు. లాయరు కావాలని అడగండి, ఛార్జిషీటు పడిందా లేదా అడగండి, 479 కింద గడువు నిండిందేమో అడగండి. అడిగేవాళ్లు లేకపోబట్టే ఎన్నో ఫైళ్లు కదలడం లేదు.